మెయింటెనెన్స్ తర్వాత డబ్ల్యూఆర్‌ఎఫ్ నత్తనడక, లాగ్‌లో ‘టాస్క్ 0 ఆఫ్ 1’: మాడ్యూల్స్ తెలిసినవాళ్ళు చూడండి

బంగాళాఖాతం (రీసెర్చ్ స్కాలర్)

అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీలో అన్ని డిపార్ట్‌మెంట్లకూ కలిపి ఒకే క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) ఉంది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను మీద నా పని. డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్‌లో మేఘాల స్కీములు (మేఘాలను లెక్కకట్టే పద్ధతులు) మార్చి మార్చి నడిపి, ఎక్కడ ఎంత వాన పడిందో పోల్చి చూడాలి.

మొన్న మెయింటెనెన్స్ కోసం క్లస్టర్ ఆపారు. తిరిగి తెరిచాక అదే స్క్రిప్ట్, అదే ఎగ్జిక్యూటబుల్, అదే ఇన్‌పుట్ ఇచ్చాను. 96 కోర్లు అడిగితే దొరుకుతున్నాయి కూడా. కానీ ఒక పూటలో అయిపోవాల్సిన జాబ్ టైమ్ లిమిట్ దాకా నడిచి ఆగిపోతోంది. ఎర్రర్ అంటూ ఏమీ రావడం లేదు, అసలు టెన్షన్ అదే. ఇదివరకు రన్ డైరెక్టరీలో ప్రాసెస్‌కి ఒకటి చొప్పున ‘ఆర్‌ఎస్‌ఎల్ ఎర్రర్’ లాగ్ ఫైళ్ళు 0000 నుంచి 0095 దాకా వచ్చేవి. ఇప్పుడు 0000 ఒక్కటే వస్తోంది. అందులో ‘స్టార్టింగ్ డబ్ల్యూఆర్‌ఎఫ్ టాస్క్ 0 ఆఫ్ 1’ అని ఉంది.

స్క్రిప్టులో మాడ్యూల్స్ (కావాల్సిన సాఫ్ట్‌వేర్‌ని అందుబాటులోకి తెచ్చేవి) గురించి ఉన్నది ఒకే లైను: ‘మాడ్యూల్ లోడ్ ఎంపీఐ’. ఎంపీఐ అంటే ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే లైబ్రరీ. ఈ స్క్రిప్ట్ మా ల్యాబ్‌లో ముందునుంచీ చేతులు మారుతూ వస్తోంది. ఎక్కడ చూడాలో చెప్పగలరా?

నోడ్_కాపరి (క్లస్టర్ అడ్మిన్)

‘0 ఆఫ్ 1’ అన్న ముక్క దగ్గరే విషయం ఉందండీ. మీ 96 ప్రాసెస్‌లూ మొదలయ్యాయి, కానీ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ప్రతిదీ తానొక్కటే ఉన్నాననుకుని మొత్తం తుపానును ఒంటరిగా లెక్క కడుతోంది. అన్నీ తమ నంబరు సున్నా అనుకుంటున్నాయి కాబట్టి అన్నీ 0000 ఫైలు మీదే రాస్తున్నాయి. ప్రోగ్రామ్ ఒక ఎంపీఐతో కంపైలై, దాన్ని లాంచ్ చేసే ‘ఎంపీఐరన్’ ఇంకో ఎంపీఐదైతే కనబడే లక్షణం ఇది.

లాగిన్ నోడ్‌లో (మీరు లాగిన్ అయ్యే కంప్యూటర్‌లో) కాదు, జాబ్ స్క్రిప్ట్ లోపలే, మోడల్ నడిపే లైనుకి ముందు ఈ మూడూ పెట్టండి: ‘మాడ్యూల్ లిస్ట్’ (ఏవి లోడ్ అయ్యాయో), ‘విచ్ ఎంపీఐరన్’ (లాంచర్ ఎక్కడిదో), ‘ఎల్‌డీడీ’తో మీ ఎగ్జిక్యూటబుల్ (అది ఏ లైబ్రరీలు వాడుతోందో). ‘మాడ్యూల్ లిస్ట్’ తన జాబితాను ఎర్రర్ వైపు రాస్తుంది, కాబట్టి అవుట్‌పుట్ ఫైల్లో కనబడకపోతే ఎర్రర్ ఫైల్ చూడండి.

ఇంకో మాట. ఈ రన్‌లలో వచ్చిన ‘డబ్ల్యూఆర్‌ఎఫ్ అవుట్’ ఫైళ్ళు వాడకండి, తీసేయండి. ఒకే ఫైలు మీద అన్ని ప్రాసెస్‌లూ రాశాయి. లోపల ఏముందో నమ్మడానికి లేదు.

బంగాళాఖాతం

థాంక్యూ సార్. పెట్టి చూశాను.

మాడ్యూల్ లిస్ట్: ‘ఎంపీఐ/2021.9.0’.
విచ్ ఎంపీఐరన్: ఇంటెల్ వన్‌ఏపీఐ (ఇంటెల్ కంపైలర్లు, ఎంపీఐ కలిపి వచ్చే ప్యాకేజీ) ఫోల్డర్‌లోది చూపిస్తోంది.
ఎల్‌డీడీ: ‘లిబ్ ఎంపీఐ’ మాత్రం సిస్టమ్ ‘లిబ్64’ కింద ఓపెన్‌ఎంపీఐ (ఇంకో రకం ఎంపీఐ) ఫోల్డర్ నుంచి వస్తోంది.

నేనెప్పుడూ ఇంటెల్ లోడ్ చేయలేదు. అది ఎలా వచ్చింది?

నోడ్_కాపరి

అదే ఇందులో అసలు చిక్కు. రెడ్‌హ్యాట్ కుటుంబం లినక్స్ సిస్టమ్స్‌లో ఓపెన్‌ఎంపీఐ ప్యాకేజీతో వచ్చే మాడ్యూల్ పూర్తి పేరు ‘ఎంపీఐ/ఓపెన్‌ఎంపీఐ-ఎక్స్86_64’. ఇంటెల్ వన్‌ఏపీఐతో వచ్చే మాడ్యూల్ పేరు కూడా ‘ఎంపీఐ’యే, పక్కన వెర్షన్ ఉంటుంది. వాళ్ళు కంపైలర్ మాడ్యూల్‌కి ‘కంపైలర్’ అనీ, ఎంపీఐకి ‘ఎంపీఐ’ అనీ పేర్లు పెట్టారు. మీ అడ్మిన్లు మెయింటెనెన్స్‌లో వన్‌ఏపీఐ పెట్టి, దాని ఫోల్డర్‌ని ‘మాడ్యూల్‌పాత్’లో (మాడ్యూల్స్ వెతికే ఫోల్డర్ల వరసలో) ముందు చేర్చి ఉంటారు. అప్పటినుంచి ఉత్త ‘ఎంపీఐ’ అంటే ఇంటెల్‌దే దొరుకుతోంది.

మీ ఎగ్జిక్యూటబుల్‌లో ఓపెన్‌ఎంపీఐ లైబ్రరీ దారి లింక్ చేసినప్పుడే రాసిపెట్టి ఉంది, కాబట్టి ‘లైబ్రరీ దొరకలేదు’ అన్న ఎర్రర్ కూడా రాలేదు. లోపల ఓపెన్‌ఎంపీఐ, బయట ఇంటెల్ లాంచర్. అందుకే చప్పుడు లేకుండా పాడైంది.

ఇప్పటికి చేయాల్సింది: స్క్రిప్ట్ మొదట్లో ‘మాడ్యూల్ పర్జ్’ (లోడ్ అయి ఉన్నవన్నీ తీసేస్తుంది), తర్వాత పూర్తి పేరుతో ‘మాడ్యూల్ లోడ్ ఎంపీఐ/ఓపెన్‌ఎంపీఐ-ఎక్స్86_64’. కొన్ని క్లస్టర్లలో స్లర్మ్‌ని (జాబ్‌లను క్యూలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) కూడా మాడ్యూల్‌గానే ఇస్తారు. అక్కడ పర్జ్ చేస్తే దాని ‘ఎస్‌రన్’ కమాండ్ కూడా పోతుంది, దాన్ని మళ్ళీ లోడ్ చేసుకోవాలి. మీ దగ్గర ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

రైన్_ఒడ్డున (పోస్ట్‌డాక్, కంప్యుటేషనల్ కెమిస్ట్రీ, జర్మనీ)

కాపరి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వెర్షన్ లేకుండా లోడ్ చేయడమంటే ‘ఈ రోజు మీ ఇష్టం’ అని అడ్మిన్‌కి చెప్పడమే. డిఫాల్ట్ అనేది కొత్తగా వచ్చినవాళ్ళు టెర్మినల్ తెరిచి ఏదో ప్రయత్నించడానికి. దాని మీద పేపర్ ఆధారపడకూడదు.

మా దగ్గర అన్నీ ఈజీబిల్డ్‌తో (సాఫ్ట్‌వేర్‌ని కంపైల్ చేసి మాడ్యూల్‌గా పెట్టే టూల్) కట్టినవే. బెల్జియంలో ఘెంట్ యూనివర్సిటీలో 2008లో మొదలైంది, 2012లో అందరికీ ఇచ్చారు. అందులో నాకు బాగా నచ్చేది టూల్‌చెయిన్ పద్ధతి. ‘ఫాస్/2023ఏ’ అన్నామంటే జీసీసీ కంపైలర్ 12.3.0, ఓపెన్‌ఎంపీఐ 4.1.5, వాటితో సరిపడే గణిత లైబ్రరీలు, అన్నీ ఒక జట్టు. ‘2023బీ’ అంటే జీసీసీ 13.2.0, ఓపెన్‌ఎంపీఐ 4.1.6. ప్రతి సాఫ్ట్‌వేర్ మాడ్యూల్ పేరు చివర ఏ టూల్‌చెయిన్‌తో కట్టారో ఉంటుంది. డేటా ఫైళ్ళ లైబ్రరీల్లో నెట్‌సీడీఎఫ్ ఒక జట్టుది, హెచ్‌డీఎఫ్5 ఇంకో జట్టుది లోడ్ చేస్తున్నామంటే పేరు చూడగానే తెలిసిపోతుంది.

కెనడా జాతీయ క్లస్టర్లలో ఇంకా పెద్ద ముద్దగా ఇస్తారు: ‘స్టాండర్డ్ ఎన్విరాన్‌మెంట్ 2020’, ‘2023’ అని. కొత్తది డిఫాల్ట్ అయినా పాతదాన్ని పేరు పెట్టి లోడ్ చేసుకోవచ్చు. డిఫాల్ట్ మార్చడం తప్పు కాదు. పాతది పేరు పెట్టి అడిగితే దొరకాలి, మార్పు ముందుగా చెప్పాలి.

కొత్తబ్యాచ్ (ఎంటెక్ మొదటి సంవత్సరం)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి అన్నా. నేను లోడ్ లైన్లన్నీ ఒక ‘సెటప్’ ఫైల్లో రాసి దాన్ని రన్ చేశాను. రన్ అయినట్టే ఉంటుంది, తర్వాత ‘మాడ్యూల్ లిస్ట్’ కొడితే ఖాళీ. ఎందుకు?

నోడ్_కాపరి

మంచి ప్రశ్న తమ్ముడూ, ఇది అర్థమైతే మాడ్యూల్స్‌లో సగం అర్థమైనట్టే. లినక్స్‌లో పిల్ల ప్రాసెస్ తన తల్లి ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్‌ని మార్చలేదు. నువ్వు ఫైల్‌ని రన్ చేస్తే కొత్త షెల్ పుడుతుంది, అందులో అన్నీ లోడ్ అవుతాయి, అది ముగియగానే దానితోపాటే పోతాయి. రన్ చేయకు, ‘సోర్స్’ చెయ్. అప్పుడు ఆ లైన్లు నీ షెల్‌లోనే నడుస్తాయి.

‘మాడ్యూల్’ అన్నది కూడా మామూలు ప్రోగ్రామ్ కాదు, షెల్ ఫంక్షన్. ‘టైప్ మాడ్యూల్’ అని కొట్టి చూడు. అది లోపల ఒక ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. ఆ ప్రోగ్రామ్ మాడ్యూల్‌ఫైల్ చదివి ‘పాత్‌కి (ప్రోగ్రాములు వెతికే ఫోల్డర్ల వరస) ముందు ఇది చేర్చు, ఎల్‌డీ లైబ్రరీ పాత్‌కి (లైబ్రరీలు వెతికే వరస) ఇది చేర్చు’ అని షెల్ భాషలో రాసిస్తుంది. నీ షెల్ దాన్ని ‘ఎవాల్’ చేస్తుంది, అంటే అమలు చేస్తుంది. జాన్ ఫర్లానీ 1991లో ఈ ఆలోచన ప్రచురించారు. ఇవాళ్టికీ పనిచేసే తీరు అదే. ‘మాడ్యూల్ షో’ అని మాడ్యూల్ పేరు ఇస్తే ఏ వేరియబుల్‌కి ఏం కలుపుతుందో లైను లైనుగా చూపిస్తుంది. ప్రతి కొత్త మాడ్యూల్‌నీ ఒకసారి అలా చదివి చూడటం అలవాటు చేసుకో.

కణజాలం (బయోఇన్ఫర్మాటిక్స్, హైదరాబాద్)

ఎల్‌డీ లైబ్రరీ పాత్ మాట వచ్చింది కాబట్టి మా గొడవ కూడా ఇక్కడే పెడుతున్నాను. రాకీ లినక్స్ 8 నోడ్లు. జీనోమ్ అసెంబ్లీకి వాడే సీ ప్లస్ ప్లస్ టూల్ ఒకటి ల్యాబ్‌లో కంపైల్ చేసి ఉంచారు. లాగిన్ నోడ్‌లో చక్కగా నడుస్తుంది. జాబ్‌లో ‘జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్_3.4.29 నాట్ ఫౌండ్’ అని వెంటనే ఆగిపోతుంది. నెట్‌లో వెతికితే ఎక్కడినుంచో లైబ్రరీ ఫైల్ దించుకుని ఫోల్డర్‌లో వేయమంటున్నారు. వేయొచ్చా?

నోడ్_కాపరి

వేయకండి మేడమ్. ఎక్కడిదో లైబ్రరీ తెచ్చి పెడితే ఇవాళ ఈ టూల్ నడుస్తుంది, రేపు ఇంకోటి కారణం తెలియకుండా క్రాష్ అవుతుంది.

ఆ 3.4.29 అనేది జీసీసీ 11తో వచ్చిన గుర్తు. రాకీ 8 సొంత కంపైలర్ జీసీసీ 8.5, దాని సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ 3.4.25 దగ్గర ఆగిపోతుంది. అంటే మీ టూల్‌ని జీసీసీ 11 మాడ్యూల్ గానీ, అంతకన్నా కొత్తది గానీ లోడ్ చేసుకుని కట్టారు. లాగిన్ నోడ్‌లో మీకు ఆ మాడ్యూల్ లోడ్ అయి ఉంటుంది, జాబ్‌లో లేదు. కట్టేటప్పుడు వాడిన జీసీసీ మాడ్యూల్‌నే నడిపేటప్పుడూ లోడ్ చేయండి. ఇంకా మేలు, ఆ టూల్‌కి ఒక మాడ్యూల్‌ఫైల్ రాసి, ఈ జీసీసీ కావాలని అందులోనే చెప్పండి. ఎల్‌మాడ్‌లో (మాడ్యూల్స్ నడిపే సాఫ్ట్‌వేర్) దానికి ‘డిపెండ్స్ ఆన్’ ఉంది. అప్పుడు టూల్ లోడ్ చేసినవాళ్ళెవరికీ జీసీసీ సంగతి గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

రైన్_ఒడ్డున

లాగిన్ నోడ్‌లో నడిచి జాబ్‌లో నడవకపోవడం, దానికి తిరగేసి జాబ్‌లో నాకు నడిచి మీకు నడవకపోవడం, రెండూ ఒక కోవకే వస్తాయి. స్లర్మ్‌లో జాబ్ పెట్టే ‘ఎస్‌బ్యాచ్’ కమాండ్ మామూలుగా మీరు జాబ్ పెట్టిన టెర్మినల్ ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని జాబ్‌లోకి మోసుకెళ్తుంది. పొద్దున ఒక టెర్మినల్లో ఏవో లోడ్ చేసి పెట్టిన జాబ్ నడుస్తుంది. సాయంత్రం కొత్త టెర్మినల్ నుంచి అదే స్క్రిప్ట్ పెడితే ఆగిపోతుంది. స్క్రిప్ట్‌లో అక్షరం మారదు. కాబట్టి పర్జ్ చేసి, కావాల్సినవన్నీ వెర్షన్లతో స్క్రిప్ట్‌లోనే రాయాలి. ఇదే కారణంతో ‘బ్యాష్‌ఆర్‌సీ’లో (టెర్మినల్ తెరవగానే నడిచే ఫైలు) మాడ్యూల్ లోడ్ లైన్లు పెట్టడం నాకు అస్సలు నచ్చదు. స్క్రిప్ట్ చదివినవాళ్ళకి సగం విషయం కనబడదు.

కణజాలం

సరే. కానీ నిజం చెప్పాలంటే మా రంగంలో చాలామంది మాడ్యూల్స్ జోలికే రారు, అన్నీ కోండాలో (యూజరే సొంతంగా సాఫ్ట్‌వేర్ పెట్టుకునే టూల్) పెట్టుకుంటారు. మా టూల్స్ నెలకో వెర్షన్ వస్తాయి, అడ్మిన్ పెట్టేదాకా ఆగలేం. అందులో తప్పేముంది?

నోడ్_కాపరి

తప్పు లేదు మేడమ్, అది దాని చోట మంచిదే. నా ఇబ్బంది రెండే. ఒకటి, కోండా ఎన్విరాన్‌మెంట్ అంటే వేలకు వేల చిన్న ఫైళ్ళు. లస్టర్ లాంటి, క్లస్టర్ అంతా పంచుకునే ఫైల్‌సిస్టమ్ పెద్ద ఫైళ్ళ కోసం తయారైంది. ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఫైళ్ళ వివరాలు దాచే మెటాడేటా సర్వర్‌ని అడగాలి. ఒక యూజర్ వందల జాబ్స్‌లో ఒకేసారి పైథాన్ ఇంపోర్ట్ చేస్తే, క్లస్టర్‌లో ఉన్న అందరికీ ‘ఎల్‌ఎస్’ కూడా నెమ్మదిస్తుంది. ఆ ఎన్విరాన్‌మెంట్‌ని యాప్టైనర్ కంటైనర్‌లో పెడితే అది ఒకే ఫైలు అవుతుంది, సమస్య తీరుతుంది.

రెండోది, ‘కోండా ఇనిట్’ మీ ‘బ్యాష్‌ఆర్‌సీ’లో రాసే లైన్లు. ప్రతి లాగిన్‌కీ కోండా పైథాన్ ముందుకొచ్చి కూర్చుంటుంది. తర్వాత పైథాన్ మాడ్యూల్ లోడ్ చేస్తే రెండూ కలగలుస్తాయి. ఒక జాబ్‌లో ఏదో ఒకటే వాడండి, అది చాలు.

బంగాళాఖాతం

మిచాంగ్ రన్ నడిచింది! పూర్తి పేరుతో లోడ్ చేశాను. 0095 దాకా ఫైళ్ళు వచ్చాయి, ‘టాస్క్ 0 ఆఫ్ 96’ అని ఉంది. కాపరి గారికి, రైన్ గారికి చాలా థ్యాంక్స్.

ఎల్‌డీడీ చూస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. నేను నడిపే ఎగ్జిక్యూటబుల్ నా ఫోల్డర్‌లో ఉన్నది కాదు, సీనియర్ హోమ్ డైరెక్టరీలో ఉన్నదానికి లింక్. నెట్‌సీడీఎఫ్ కూడా అక్కడే స్టాటిక్‌గా కట్టుకున్నారు. ఆయన పీహెచ్‌డీ అయిపోయి ఉద్యోగంలో చేరారు. వెళ్ళిపోయినవాళ్ళ అకౌంట్లు సెమిస్టర్ చివర్లో తీసేస్తామని నోటీసు ఉంది. ఇప్పుడేం చేయాలి?

నోడ్_కాపరి

ముందు ఇవాళే ఆ ఫోల్డర్ మొత్తాన్ని మీ గైడ్ ప్రాజెక్ట్ డైరెక్టరీకి కాపీ చేయండి: సోర్స్, ‘కాన్ఫిగర్.డబ్ల్యూఆర్‌ఎఫ్’, కంపైల్ లాగ్, అన్నీ. ఆ కాన్ఫిగర్ ఫైలు ఎగ్జిక్యూటబుల్ కన్నా విలువైనది. ఏ కంపైలర్, ఏ ఫ్లాగ్స్ వాడారో అందులోనే ఉంటుంది. చదివే పర్మిషన్ లేకపోతే గైడ్ చేత హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ పెట్టించండి. అకౌంట్ తీసేసేలోపైతే ఏ అడ్మిన్ అయినా కాపీ చేసి ఇస్తారు, తీసేశాక ఇవ్వలేరు.

రైన్_ఒడ్డున

దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలనుంది. ల్యాబ్ మొత్తం బతికే సాఫ్ట్‌వేర్ ఒక విద్యార్థి హోమ్‌లో ఉండకూడదు. దీనికి అడ్మిన్ల మీద ఆధారపడనక్కర్లేదు కూడా. ప్రాజెక్ట్ డైరెక్టరీలో ‘సాఫ్ట్‌వేర్’, ‘మాడ్యూల్స్’ అని రెండు ఫోల్డర్లు పెట్టండి. ల్యాబ్‌లో ప్రతి ఒక్కరి స్క్రిప్ట్‌లో ‘మాడ్యూల్ యూజ్’ అని ఆ రెండో ఫోల్డర్ దారి ఇస్తే చాలు, మీ మాడ్యూల్స్ అందరివాటితో పాటు కనిపిస్తాయి.

కట్టేటప్పుడు చేత్తో కట్టకండి. ఈజీబిల్డ్ గానీ, అలాంటిదే అయిన స్పాక్ గానీ వాడండి. స్పాక్ అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో టాడ్ గ్యాంబ్లిన్ మొదలుపెట్టింది, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవచ్చు, రూట్ (అడ్మిన్) అధికారం అక్కర్లేదు. ఏం కట్టారో ఒక చిన్న ఫైల్లో ఉంటుంది, దాన్ని గిట్‌లో దాచండి. మాడ్యూల్‌ఫైల్లో ‘వాట్ఈజ్’ లైను ఉంటుంది కదా, అక్కడ ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు రాయండి. మా గ్రూప్‌లో ప్రతి మాడ్యూల్‌కీ ఒక పేరు ఉంటుంది. ఎవరైనా వెళ్ళేటప్పుడు ఆ పేర్లు ఇంకొకరికి అప్పగించి వెళ్తారు. ఆ ఒక్క కట్టుబాటు వల్ల మేం ఎన్ని తలనొప్పులు తప్పించుకున్నామో చెప్పలేను.

కొత్తబ్యాచ్

అన్నా, కట్టినప్పుడు ‘మార్చ్ నేటివ్’ ఫ్లాగ్ (కంపైల్ చేసే కంప్యూటర్ ప్రాసెసర్‌కి తగ్గట్టు కోడ్ తయారుచేసేది) పెడితే స్పీడ్ వస్తుందంటారు కదా, పెట్టొచ్చా?

నోడ్_కాపరి

క్లస్టర్‌లో అన్ని నోడ్లూ ఒకేలా ఉంటే పెట్టొచ్చు. చాలా చోట్ల ఉండవు. లాగిన్ నోడ్‌లో ఏవీఎక్స్-512 ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ ఉండి, జాబ్ అవి లేని జెన్ 3 తరం ఏఎండీ నోడ్‌కి వెళ్తే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని వెంటనే చస్తుంది. ఏ నోడ్ మీద నడపాలో అక్కడే కంపైల్ చెయ్, లేదా అన్ని నోడ్లకీ సరిపోయే తక్కువ టార్గెట్ ఇవ్వు.

పాతది పేరు పెట్టి అడిగితే దొరకాలన్న రైన్ గారి మాట మీద మా వైపు నుంచి కూడా చెప్తాను. సెంటాస్ 7 లినక్స్ మద్దతు 2024 జూన్ 30తో ఆగిపోయింది. సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని సిస్టమ్‌ని నెట్‌కి తెరిచి ఉంచలేం. ఓఎస్ మారినప్పుడు కింద ఉండే లైబ్రరీలు మారతాయి, పాత మాడ్యూల్స్‌లో కొన్ని నడవవు. కాబట్టి తీయక తప్పని రోజు వస్తుంది. కానీ తీసే పద్ధతి ఒకటుంది. ఏ మాడ్యూల్‌ని ఎవరు లోడ్ చేస్తున్నారో ఎల్‌మాడ్‌లో చిన్న హుక్ పెట్టి లాగ్ చేయొచ్చు. వాడుతున్నవాళ్ళకి ముందు మెయిల్, తర్వాత లోడ్ చేసినప్పుడల్లా తెర మీద హెచ్చరిక, తర్వాత ‘అవైల్’ (దొరికే మాడ్యూల్స్) జాబితాలో కనబడకుండా దాచడం, అప్పటికీ ఎవరూ అడగకపోతే తీయడం. మెయింటెనెన్స్ రోజున ఒక్కసారిగా డిఫాల్ట్ మార్చి ఊరుకుంటే అడ్మిన్ పని సగమే చేసినట్టు. బంగాళాఖాతం గారూ, మీ హెల్ప్‌డెస్క్‌కి ‘ఎంపీఐ’ పేరు కలిసిపోయిన సంగతి తప్పకుండా రాయండి. మీలాగే ఎర్రర్ లేకుండా కోర్లు కాల్చుకుంటున్నవాళ్ళు అక్కడ ఇంకా ఉండి ఉంటారు.

బంగాళాఖాతం

రాశాను సార్. వన్‌ఏపీఐ ఫోల్డర్‌ని ‘మాడ్యూల్‌పాత్’లో చివరికి జరుపుతామని, మార్పుల పేజీ ఒకటి పెడతామని జవాబు వచ్చింది. సీనియర్ ఫోల్డర్ కాపీ కూడా అయింది. కొత్తగా స్పాక్‌తో కట్టడం మొదలుపెట్టాను. పాత డబ్ల్యూఆర్‌ఎఫ్ కాబట్టి జీఫోర్ట్రాన్ (జీసీసీలోని ఫోర్ట్రాన్ కంపైలర్) కొత్త వెర్షన్‌లో ‘ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్’ ఎర్రర్లు వస్తున్నాయి.

నోడ్_కాపరి

జీఫోర్ట్రాన్ 10 నుంచి ఆ తనిఖీ కఠినం చేశారు. ‘ఎఫ్ అలౌ ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్’ ఫ్లాగ్ ఇస్తే వార్నింగ్‌గా వదిలేస్తుంది. నెట్‌సీడీఎఫ్ ఫోర్ట్రాన్ లైబ్రరీని, మోడల్‌ని మాత్రం ఒకే కంపైలర్‌తో కట్టండి. ఇంటెల్ కంపైలర్ రాసిన ‘.మాడ్’ (ఫోర్ట్రాన్ మాడ్యూల్) ఫైల్‌ని జీఫోర్ట్రాన్ చదవలేదు.

రైన్_ఒడ్డున

థీసిస్ దృష్టితో ఒక మాట. కంపైలర్ మారితే చివరి దశాంశాల్లో తేడా వస్తుంది. వాతావరణ మోడల్‌లో అంత చిన్న తేడా కూడా రన్ సాగేకొద్దీ పెరుగుతుంది. మీరు పోల్చేది స్కీముల మధ్య తేడా. అందులో సగం రన్‌లు పాత బిల్డ్‌వి, సగం కొత్తవి ఉంటే, కనబడే తేడా స్కీముదో కంపైలర్‌దో విడదీయలేరు. ఒకే కేసుని రెండు బిల్డ్‌లతోనూ నడిపి, తుపాను దారి, కేంద్ర పీడనం, వాన పక్కపక్కన గీసి చూడండి. ఆ బొమ్మ థీసిస్ అనుబంధంలో పెట్టినా విలువే.

బంగాళాఖాతం

ఇది నాకు తట్టలేదు, చాలా ముఖ్యమైన మాట. చివరిగా ఒకటి. పాత బిల్డ్‌తో సగం నడిచి ఆగిన రన్ ఒకటి ఉంది, రీస్టార్ట్ ఫైళ్ళు ఉన్నాయి. దాన్ని కొత్త బిల్డ్‌తో కొనసాగించవచ్చా?

రైన్_ఒడ్డున

ఫైలు తెరుచుకుని రన్ నడిచినా వద్దు. ఆ ఒక్క రన్ రెండు బిల్డ్‌ల కలగలుపు అవుతుంది, దేనితోనూ పోల్చలేరు. పాత ఎగ్జిక్యూటబుల్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వచ్చేసింది కదా, దానితోనే ముగించండి. లేదంటే కొత్తదానితో మొదటినుంచి నడపండి.

బంగాళాఖాతం

మొదటినుంచే నడుపుతాను. క్యూలో పెట్టాను.